మోకాలికీ స్టీరింగుకీ మధ్య బెత్తెడు సందు

చిత్తూరు జిల్లా ఐరాల గ్రామంలో కాపురమున్న మునివెంకటప్ప గారి కుమార్తెను, చిత్తూరు బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిని, ఇరవై నాలుగేళ్ళ వయసూ ఐదడుగుల పదకొండంగుళాల ఎత్తూ గల చంద్రకాంతమ్మ అనే నేను, ఈ ఉదయం మా ఇంటి వసారాలో కూర్చుని, తెలివి సరిగ్గా ఉండి, ఒంట్లో ఏ జబ్బూ లేక, రెండు ముద్దల సంగటి తిని, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. ఎవరి బలవంతమూ లేదని రాయాలట. మా అవ్వ నాగులమ్మ బలవంతం ఉంది. అది తప్ప మరెవరి బలవంతమూ లేదు.

ఎదురింటి ఏకాంబరం గారు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నారు. ఆయన చిత్తూరులో ముప్పై ఏళ్ళు వకీలు గుమాస్తాగా పనిచేసినవారు. వీలునామాలో ఎత్తు రాసే ఆనవాయితీ లేదని అన్నారు. ఈ వీలునామా నిలబడేదే ఎత్తు మీద, కాబట్టి ఉంచేశాను.

ఒకటి. ముందుగా, నేను చావబోవడం లేదు. ఇది కూడా రాయకూడదట. కానీ ఈ వారంలో మా వాకిట్లో నన్ను తలచుకుని ఏడ్చి, నా చేతి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళకు ఎక్కడో ఒకచోట కాగితం మీద జవాబు ఉండాలి.

నాకున్న ఆస్తిలో చెప్పుకోదగింది ఒక కారు. ఎర్రటిది, పైకప్పు మడిచేది, రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తున పాకుతున్నట్టు పోతుంది. దొరల సీమలో ఇలాంటి వాటితో పందేలు ఆడతారట. ఐరాలలో దీని పేరు తొట్టికారు. ఎద్దులకు కుడితి పెట్టే తొట్టికి చక్రాలు బిగించినట్టుందని మా అవ్వ పెట్టిన పేరు అది.

ఈ కారు చిత్తూరులో చిన్న ఆసుపత్రి నడిపిన ఫ్లెచర్ దొరసానిది. ఆమె ఐదడుగుల మనిషి. ఆమెకు డ్రైవరు మా నాయన. నాయన ఆరడుగుల మూడంగుళాలు. మా ఇంటివాళ్ళను ఊళ్ళో నిట్రాటోళ్ళు అంటారు. గుడిసె నడుమ పైకప్పును మోసే పొడవాటి గుంజను నిట్రాడు అంటారు కదా, మేమంతా ఆ బాపతు. అలాంటి మనిషి పదకొండేళ్ళు ఈ తొట్టిలో ఒళ్ళు మడిచి పెట్టుకుని తోలాడు. స్టీరింగుకు చెరో పక్క మోకాళ్ళు, మోకాళ్ళ నడుమ గడ్డం. మలుపు వస్తే ముందు ఒక మోకాలిని కారు బయటికి పంపి, తర్వాత చక్రం తిప్పేవాడు. సీటు జరిపించమని ఒక్కనాడూ అడగలేదు. ఎందుకు నాయనా అంటే, "దొరసాని బండి పాపా అది. నా కాళ్ళ కోసరం బండిని కోస్తారా యాడన్నా?" అనేవాడు.

ఈ ఏడు మార్చిలో దొరసాని తన దేశం వెళ్ళిపోతూ పాకాలలో రైలెక్కింది. నాయన సామాను ఎక్కించి, దండం పెట్టి, వచ్చి కారులో కూర్చుని వెనక్కి తిప్పుకున్నాడు. రైలు కదిలేలోపు అది ఆమె ప్లాట్‌ఫారం చివర నిలబడి చూసింది. బొంబాయి నుంచి నాకు ఉత్తరం రాసింది. పదకొండేళ్ళు పక్కనే కూర్చున్నాను, దారిని చూశాను, మీ నాయన మోకాళ్ళను చూడలేదు, అని రాసింది. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆమే, మా ఇంట్లో మొదటిసారి ఒక మనిషిని బడికి పంపించింది ఆమే. ఆ ఉత్తరంలోనే కారు నా పేర రాసి, సీటు బాగుచేయించి అందులో మీ నాయనను కూర్చోబెట్టు అని ఆజ్ఞాపించింది.

నాయన నడుము ఇప్పుడు కారు బయట కూడా వంగే ఉంటుంది. ఆకాశం కింద నడుస్తూ కూడా తల వంచుకుంటాడు. గోడకు నిలబెట్టి కొలిస్తే ఆరడుగుల ఒక అంగుళం వచ్చింది. రెండంగుళాలు ఆ కారులోనే ఎక్కడో పడిపోయాయి.

కొండ మీదికి బండ్ల దారి పడి మూడేళ్ళు దాటింది. ఆ రోజు నుంచి నాయనది ఒకటే మాట: "ఒక్కతూరి నా చేత్తో బండిని పైదాకా తోలి, సామి కాడ దిగాల." ఎల్లుండి సోమవారం, దశమి. బడికి సెలవులు. పెట్రోలు కూపన్లు కూడబెట్టాను. పాకాల, చంద్రగిరి మీదుగా తిరుపతి, అక్కడి నుంచి కొండ. నాయన స్టీరింగు ముందు కాళ్ళు చాపుకుని, వెన్ను నిటారుగా పెట్టి తోలాలి. ఈ కాగితం పూర్తయితేనే అది జరుగుతుంది. ఎందుకో కింద రాస్తున్నాను.

రెండు. సీటు పని రాజారత్నం మేస్త్రికి చెప్పాను. ఆయన చిత్తూరులో బల్లలూ బెంచీలూ చేస్తాడు, అంతకంటే ఎక్కువగా కిరస్తానపు వాళ్ళకు శవపేటికలు చేస్తాడు. ఆయన మనిషిని కొలిచి చేసే సామాను ఆ పెట్టె ఒక్కటే. ఆ సంగతి నాకు తట్టలేదు. "నా కొలతకు చేయండి, నాకు సరిపోతే నాయనకూ సరిపోతుంది" అన్నాను. ఆయన నన్ను బడి వసారా గోడకు నిలబెట్టి, నడినెత్తి నుంచి మడమ దాకా టేపు పట్టాడు. ఆ తర్వాత ఈ భుజం నుంచి ఆ భుజానికి పట్టాడు. పుస్తకంలో రాసుకుని, అలవాటు కొద్దీ ఒక నిమిషం తల వంచుకుని నిలబడ్డాడు. ఇదంతా అయిదో తరగతి పిల్లలు పన్నెండు మంది చూశారు.

కబురు సాయంత్రానికి చిత్తూరు, మర్నాటికి ఐరాల, ఆ మర్నాటికి బంగారుపాళ్యం. పంతులమ్మకు పెట్టె కొలత తీసినారంట. సంతలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మా అమ్మ విన్నది. "మనోళ్ళకు పెట్టె యాడిదప్పా?" అని ఒకడు అడిగితే, "ఆ పొడుగుకు పాడె సాలదంట, అందుకని పెట్టె సేయిస్తా ఉండారు" అని రెండోవాడు చెప్పాడట.

పది రోజులకు మేస్త్రి సీటు తెచ్చాడు. ఆరడుగుల పొడవుంది. భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం. కారులో పెడితే తలవైపు భాగం వెనక నుంచి రెండడుగులు బయటికి పొడుచుకు వచ్చింది. "ఇదేంటి మేస్త్రీ?" అన్నాను. ఆయన చాలా మర్యాదగా, "పండుకోని తోల్తారేమో అనుకొంటినమ్మా. మీరిచ్చిన కొలత అట్లనే ఉండాది కదా" అన్నాడు.

నవ్వుకుంటూ అందులోకి దిగి పడుకున్నాను. పడుకున్నాక నవ్వు ఆగిపోయింది. నా కాళ్ళు పెడళ్ళ దాకా చాపుకుని ఉన్నాయి. చేతులు స్టీరింగును అందుకున్నాయి. మోకాలికీ స్టీరింగుకీ నడుమ అరచేయి అడ్డంగా పెట్టి చూశాను. పట్టింది. బెత్తెడు సందు. పదకొండేళ్ళుగా నాయన ఈ కారులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇది కుర్చీలా కూర్చునే కారు కాదు. వెనక్కి వాలి కాళ్ళు బారచాపితే, ఎంత పొడవు కాళ్ళకైనా ముందు బానెట్టు కింద కావలసినంత చోటుంది. నేలబారు బండి కనుక ఎత్తు మనుషులకు ఇరుకు అనుకున్నాం. నేలబారు బండిలోనే కాలు సాగుతుంది. మనిషిని పడుకోబెట్టి కొలిచే మేస్త్రి చేతిలో తప్పితే ఇంకే మేస్త్రి చేతిలోనూ ఈ సంగతి బయటపడేది కాదు.

పైన మిగిలిన చెక్కను కోసేశాము. వీపు ఆనే పలకను సామాను పెట్టె లోకి తొమ్మిదంగుళాలు జరిపాము. ఎత్తయిన పాత సీటు తీసేసి, నాలుగు మడతల జంబుఖానా పరిచాము.

ఇది చూసి అవ్వ ఒప్పుకుంటుందని అనుకున్నాను. అవ్వ అన్నది ఇదీ: "పెట్టె కొలత తీసినాక అది ఊరికే పోదు. కొలతకు తగిన మనిషిని ఎతుక్కుంటా ఒకడు వస్తాడు. నీ సొమ్మంతా ఎవురెవురికో రాసేసినావనుకో, ఈ పిల్ల యవ్వారం ముగిసిపోయినట్టుండాదే అని వాడే ఎనక్కి మళ్ళుకుంటాడు. రాసేదాకా నువ్వు గానీ మీ నాయన గానీ ఆ సీట్లో కూసోని కొండకు పోతే, నేను వాకిట్లో అడ్డం పండుకుంటా." అవ్వ ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఆమె అడ్డం పడుకుంటే మా వాకిలి నిజంగానే మూసుకుపోతుంది. నాయన తన తల్లిని దాటి ఒక్క అడుగు వేసే మనిషి కాడు.

ఇవాళ అష్టమి, ఏమీ మొదలుపెట్టకూడదు కదా అన్నాను. "మంచి పనికి పనికిరాదు. ఇది మంచి పని కాదు కదా, దీనికి అష్టమే సరి. అష్టమిలో మొదలుపెట్టింది అష్టమిలోనే ముగియాల" అన్నది. ఏకాంబరం గారు పంచాంగం చూసి, పదకొండుకు అష్టమి వెళ్ళిపోతుందని చెప్పారు. నేను తొమ్మిదికి కలం పట్టుకున్నాను.

మూడు. నా తదనంతరం కారు, కొత్త సీటుతో సహా, మా నాయన మునివెంకటప్పకు చెందుతుంది. ఆయన తర్వాత మా తమ్ముడు ధనంజయకు. తమ్ముడి తర్వాత మా వంశంలో ఐదడుగుల తొమ్మిదంగుళాలకు తగ్గని వారికి, ఆడైనా మగైనా సరే. కారు పుచ్చుకునే ప్రతి మనిషినీ ఆ సీటులో కూర్చోబెట్టి, మోకాలికీ స్టీరింగుకీ నడుమ చేయి పెట్టి చూడాలి. బెత్తెడు సందు ఉంటేనే స్వాధీనం చేయాలి. లేకపోతే కారును కాదు, సీటును మార్చాలి. కారుకు తగ్గట్టు ఈ ఇంట్లో మనిషి వంగడం ఇకమీదట చెల్లదు. ఇది నా వీలునామాలో ముఖ్యమైన నిబంధన. మిగిలినవన్నీ చిరిగిపోయినా ఇది అమలు జరగాలి.

నాలుగు. రాజారత్నం మేస్త్రికి నా మడత స్కేలు ఇస్తున్నాను. ఇత్తడి కీళ్ళది, దొరసాని బహుమతి ఇచ్చింది. మనిషి నిలబడితే ఒక కొలత, కూర్చుంటే ఒక కొలత, పడుకుంటే ఒక కొలత అని ఆ మడతలు ఆయనకు గుర్తు చేస్తుంటాయి. ఆయన ఇప్పుడే వచ్చి ఈ ముక్క చదివించుకుని విన్నాడు. "సంతోషం తల్లీ. మీ కొలత నా పుస్తకంలో బద్రంగా ఉండాది, మళ్ళా తీసే పని లేదు" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అవ్వ ఆయన వైపు చూసిన చూపు మాత్రం బాగాలేదు.

ఐదు. అవ్వకు కారు హారను. పక్కన వేలాడే రబ్బరు బుడ్డి హారను. దీన్ని పీకితే కారు విలువ పడిపోతుందని తమ్ముడి అభ్యంతరం. విలువ పడిపోనీ. వసారాలో కూర్చుని, మిద్దె మీద ఎండబోసిన శనక్కాయల మీద వాలే కాకులను అవ్వ ఆ హారనుతో తోలుతుంది. నాలుగు నెలల నుంచి ఆమె అడుగుతున్న వస్తువు అదొక్కటే. దాన్ని నేను చచ్చేదాకా ఆగి ఇవ్వడం న్యాయం కాదని ఆమె వాదన. ఆలోచిస్తాను.

ఆరు. మా అమ్మ తిరుమలమ్మకు దొరసాని దుమ్ము కళ్ళజోడు. తోలు పట్టీతో కళ్ళకు గట్టిగా అతుక్కునేది. అమ్మ దాన్ని ఇప్పటికే మిరపకాయలు దంచేటప్పుడు పెట్టుకుంటోంది. నిట్రాళ్ళ నడుమ ఇరవై ఆరేళ్ళుగా తల పైకెత్తి మాట్లాడుతూ ఆమె మెడ నొప్పి తెచ్చుకుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఇంట్లో వాళ్ళంతా కూర్చుని మాట్లాడాలని కూడా ఇందుమూలంగా కోరుతున్నాను.

ఏడు. తమ్ముడు ధనంజయకు, కారు వంతు వచ్చేలోపు, గాలి కొట్టే పంపు. వాడికి ఇరవై ఏళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాలు. ఇంకా పెరగడం మానలేదు. నేను నా చేత్తో కుట్టిన చొక్కా కుట్టిన నెలకే పొట్టిదైపోయింది. దాన్ని వాడు ఎడ్లు తుడవడానికి వాడుకున్నాడు. ఆ చొక్కా సంగతి నేను మరిచిపోలేదు.

ఎనిమిది. బంగారుపాళ్యం మామిడి తోటల సుబ్రమణ్యం మా మేనత్త కొడుకు, నాకు బావ. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. కారు తనకే చెందాలని ఇతను ఆగస్టు నుంచి వాదిస్తున్నాడు. అతని మాటల్లోనే రాస్తున్నాను: "సూడుమే చంద్రా. పెడలు అందతాది. చక్రం అందతాది. మోకాలు తగల్దు. కోసే పని లేదు, చెక్కే పని లేదు. ప్రతి బండీ ఒక మనిషిని చూసి పుడతాది. ఇది నన్ను చూసి పుట్టినాది."

దీనికి నా జవాబు. పొట్టివాళ్ళకు లోకంలో ఉన్న కార్లన్నీ సరిపోతాయి. పొడుగువాళ్ళకు సరిపోయేలా చేసింది జిల్లాలో ఇదొక్కటే. కాబట్టి కారు అతనికి లేదు.

ఇతనితో నాకు పాత తగాదా ఉంది. అది కూడా రాస్తాను. రెండేళ్ళ కిందట పెద్దవాళ్ళు మా ఇద్దరికీ ముడి పెట్టాలని చూసి, చిత్తూరులో ఫోటో తీయించారు. ఇతను రెండు ఇటుకల మీద నిలబడి తీయించుకున్నాడు. నేను వద్దన్నాను. బావ పొట్టి అని వద్దన్నానని ఊరంతా చెప్పుకున్నారు. కాదు. నేను వద్దన్నది ఇటుకలను. అతను ఇటుకలు దిగి ఉంటే ఏమనేదాన్నో నన్నెవరూ అడగలేదు. ఆ తర్వాత అతను నన్ను కొబ్బరిచెట్టు అన్నాడు, నేను అతన్ని పీట అన్నాను. ఇక్కడికి లెక్క సరిపోయింది.

కారు నుంచి తీసేసిన పాత సీటును మాత్రం సుబ్రమణ్యం బావకు రాస్తున్నాను. తోలుది, లోపల స్ప్రింగులున్నాయి. అది తీసిన రోజు నుంచీ అతను మా ఇంటికి వస్తే వేరే చోట కూర్చోడు. వసారాలో దాన్ని వేసుకుని, కాళ్ళు చాపి, చేతులతో గాలిలో స్టీరింగు తిప్పుతుంటాడు. దాన్ని తన ఎద్దుల బండికి బిగించి, మామిడి కాయల లోడుతో దొరలా సంతకు పోతాడట. "ఎద్దులు కూడా మురిసిపోతాయి" అంటాడు. అది అతని ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఆ మాట మాత్రం నిజమే.

ఇక్కడే ఇంకొక సంగతి రాయాలి. సీటును కోసి సరిచేసేటప్పుడు మేస్త్రి ఈసారి బుద్ధిగా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కొలిచాడు. పక్క సీటులో మనిషి ఉంటే తల ఎక్కడికి వస్తుందో చూడాలని, అక్కడే ఉన్న బావను నా పక్కన కూర్చోబెట్టి అతన్నీ కొలిచాడు. తేడా ఒక్క అంగుళం వచ్చింది. మేస్త్రి టేపు చుట్టుకుంటూ, "మీ ఎత్తంతా కాళ్ళల్లోనే ఉండాదమ్మా. కూసుంటే మీరిద్దరూ ఒకటే" అన్నాడు. బావ ఆ రోజు సాయంత్రం దాకా ఆ బెంచీ మీద నుంచి లేవలేదు.

తొమ్మిది. నా డ్రైవింగు లైసెన్సుకు అద్దం కట్టించి, బడిలో అయిదో తరగతి గదిలో తగిలించాలి. దాని మీద నా పేరు ఉంది, పేరు పక్కన తండ్రి పేరు ఉంది. నాయన చదవలేడు. లైసెన్సు వచ్చిన రోజు ఆ రెండు పేర్ల మీద వేలు పెట్టి చూపించాను. "రెండూ పక్కపక్కనే ఉండాయే" అన్నాడు. చాలాసేపు వేలు తీయలేదు.

నాయనకు కారు కాక, కారులో పోయిన ఆ రెండంగుళాలు కూడా ఇందుమూలంగా దఖలు పరుస్తున్నాను. అవి సీటు కిందో, పెడళ్ళ దగ్గరో, పాకాల దారిలోనో ఉండాలి. ఎవరికి దొరికినా ఆయనకు అప్పగించాలి. నాకు సోమవారమే దొరుకుతాయని నమ్మకం ఉంది.

పది. ఈ వీలునామా అమలు జరిపే పెద్దమనిషి ఏకాంబరం గారు. ఆయనకు నా నల్ల గొడుగు రాస్తానంటే, "నాకొద్దమ్మా. సాక్షి సంతకం పెట్టేవాడికి కాగితంలో వాటా ఉంటే రేపు తగువు లేస్తుంది" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అందువల్ల నా నిబంధన కూడా అదే: ఈ కాగితం మీద సాక్షి సంతకం పెట్టినవారికి ఈ కాగితంలో ఎలాంటి వాటా చెల్లదు. రాసి ఉన్నా చెల్లదు. సాక్షులు ఇద్దరు ఉండాలి. ఒకరు ఏకాంబరం గారు. రెండోవారు రాజారత్నం మేస్త్రి.

పై వాక్యం రాసి కలం ఎత్తగానే ఏకాంబరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాలుగో నిబంధన చూడమ్మా" అన్నారు.

చూశాను. మేస్త్రికి స్కేలు రాసి ఉంది. మేస్త్రి దాన్ని అప్పటికే జేబులో పెట్టుకుని, పైన చేయి పెట్టుకుని ఉన్నాడు. "ఇది మాత్రం ఇవ్వనమ్మా, ఎంత పన్జెప్పినా సేస్తా" అన్నాడు. అవ్వకు హారను ఉంది. అమ్మకు కళ్ళజోడు ఉంది. తమ్ముడికి పంపు, నాయనకు కారు. సంతోషంలో అందరికీ అన్నీ పంచేశాను. వాటా లేని మనిషి ఇంట్లో మిగల్లేదు. వీధిలో చూద్దామంటే ఊరంతా చెరుకు గానుగ దగ్గరుంది. నడిచి పిలుచుకు రావడానికి అరగంట పడుతుంది. గడియారం పదీ ముక్కాలు. రాసింది కొట్టేస్తే కాగితం అనుమానపు కాగితం అవుతుందని ఏకాంబరం గారు, మొత్తం తిరగరాయడానికి టైము లేదని నేను. "ముగియకపోతే సోమవారం లేదు" అని అవ్వ. ఆమె చాప తెప్పించుకుని వాకిట్లోకి నడిచింది.

నాయన కారు పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దున్నే కడిగి, మళ్ళీ కడిగి, దాని ముక్కుకు పసుపు పూసి పెట్టాడు. "పోనీలే పాపా, ఇంకో దశమి వస్తాదిలే" అన్నాడు. అంటూ, తగలడానికి ఏమీ లేని చోట తల వంచుకున్నాడు.

అప్పుడు సుబ్రమణ్యం బావ పాత సీటు లోంచి లేచాడు. సీటును ఒకసారి చేత్తో నిమిరాడు. "కలం ఇట్లీమే" అన్నాడు. సంతకం పెడితే సీటు పోతుంది బావా, ఆలోచించుకో అన్నాను. "పోనీలే. ఎద్దులకు చెప్పుకుంటాలే. మామ కాళ్ళు చాపుకోని కొండెక్కాల, అంతే" అన్నాడు. రాసుకోవడానికి బల్ల ఎత్తుగా ఉంటే, ఎవరో ఇటుక తెస్తామన్నారు. వద్దన్నాడు. మునివేళ్ళ మీద లేవకుండా, కాగితాన్ని కిందికి తీసుకుని, నేల మీద కూర్చుని సంతకం పెట్టాడు.

పదకొండు. రెండో సాక్షి ఇప్పుడు మేస్త్రి కాదు, సుబ్రమణ్యం. అందువల్ల ఎనిమిదో నిబంధన ప్రకారం సుబ్రమణ్యానికి నా తదనంతరం రావలసిన పాత సీటు అతనికి రాదు. పదో నిబంధన నేనే రాశాను, నేనే పాటిస్తాను.

అయితే నేను ఇంకా బతికే ఉన్నాను. బతికి ఉన్న మనిషి బతికి ఉన్న మనిషికి చేత్తో ఇచ్చేది వీలునామా కిందికి రాదు కదా అని ఏకాంబరం గారిని అడిగాను. ఆయన పంచాంగం వైపు, నా వైపు, బావ వైపు చూసి, "రాదు" అన్నారు. కాబట్టి సదరు సీటును ఈ రోజే, ఈ గడియలోనే, సుబ్రమణ్యం బావకు చేత్తో ఇస్తున్నాను. మంగళవారం, కొండ నుంచి తిరిగి వచ్చాక, దాన్ని ఎద్దుల బండికి బిగించడానికి కొలత తీయాలి. మేస్త్రిని పిలిచే పని లేదు. కొలత నేనే వచ్చి తీస్తాను. ఇద్దరమూ కూర్చున్నాక తీస్తాను.

సర్వజిత్తు సంవత్సరం, మార్గశిర శుద్ధ అష్టమి, శనివారం, 1947 డిసెంబరు 20, ఉదయం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. ఐరాల.

(సంతకం) చంద్రకాంతమ్మ

సాక్షులు:
1. ఏకాంబరం, మాజీ వకీలు గుమాస్తా, ఐరాల. వాటా లేదు.
2. సుబ్రమణ్యం, బంగారుపాళ్యం. వాటా ఉండింది, వదులుకున్నాను.

చదివి వినిపించగా విని, చాప చుట్టేసి, సోమవారం దారి వదులుతానని ఒప్పుకున్నాను: నాగులమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.